దీపం కంటే ముందు గొంతు

అర్ధరాత్రి ఫోను మోగుతుంది. అవతల ఎవరున్నారో మనకు కనిపించదు, మనమెవరమో వాళ్ళకూ కనిపించదు. రెండు చీకట్ల మధ్య దారంలాంటి గొంతు ఒక్కటే. ఆపదలో ఉన్న పిల్లలు మనసు విప్పి మాట్లాడుకోవడానికి కొన్ని సంఘాలవాళ్ళం కలిసి నడుపుకొంటున్న ఫోన్ సేవ ఇది. వారానికి రెండు రాత్రులు నా వంతు. అయిజలో మా ఇంటి మిద్దెమీది గదిలో ఒక బల్ల, ఒక నోటుబుక్కు, ఒక చెంబు మంచినీళ్ళు పెట్టుకుని కూర్చుంటాను.

అక్కడ కూర్చున్నప్పుడల్లా నాలో మెదిలే వాక్యభాగం కీర్తనల్లోది కాదు, కొండమీది ప్రసంగంలోదీ కాదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలోని ఫిలిప్పీ చెరసాల ఘట్టం. సండే స్కూల్లో దీన్ని మేము భూకంపం కథగానే నేర్చుకున్నాం. దెబ్బలు తిని ఖైదులో ఉన్న పౌలు సీలలు పాడారు, పునాదులు కదిలాయి, తలుపులు తెరుచుకున్నాయి, చెరసాల నాయకుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంత పెద్ద సంగతుల నడుమ రెండు వచనాలు మా వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. నిద్రలేచిన నాయకుడు తలుపులు బార్లా తెరిచి ఉండడం చూశాడు. ఖైదీలంతా పారిపోయారనుకున్నాడు. కత్తి దూసి తన ప్రాణం తానే తీసుకోబోయాడు. అప్పుడు లోపలి చీకట్లోంచి పౌలు గట్టిగా కేక వేశాడు. ఏ హానీ చేసుకోవద్దని చెప్పాడు, ఖైదీలెవరూ ఎక్కడికీ పోలేదని చెప్పాడు.

ఆ రాత్రి రాయి కదిలింది, ఇనుము ఊడింది. వాటన్నిటికంటే పెద్ద అద్భుతం, ఎత్తిన చెయ్యి ఒకటి దిగింది. భూకంపం చేయలేని పనిని ఒక కేక చేసింది.

ఇందులో 'అనుకున్నాడు' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ పుస్తకం రాసిన లూకా గ్రీకులో వాడిన 'నోమిజోన్' అన్న మాటకు అర్థం అదే. ఖైదీలు పారిపోలేదు, పారిపోయారని అతను అనుకున్నాడు. అలా అనుకుని భయపడడానికి కారణం లేకపోలేదు. నాలుగు అధ్యాయాల ముందు, పేతురు చెరసాల నుంచి తప్పించుకుపోయినప్పుడు హేరోదు ఆ కావలివాళ్ళను చంపించాడు. ఖైదీ పోతే కావలివాడి తల పోయే రోజులవి. అంటే అతని భయం నిజం, దానికి ఆధారమైన లెక్క తప్పు. ఫోనులో పిల్లల మాటల్లో నేను వినేది కూడా ఈ రెండూ కలిసి పడిన ముడినే. భయాన్ని కొట్టిపారేస్తే ముడి ఇంకా బిగుస్తుంది. భయాన్ని వదిలేసి లెక్కనొక్కదాన్నే సరిచేయబోతే మనిషి చేజారిపోతాడు.

లోచూపుతో చదివితే ఆ చెరసాల మనసే. అందులో ఖైదీలూ మనవాళ్ళే, కావలివాడూ మనమే. ఇంటర్లో పోయిన సబ్జెక్టు, ఆన్‌లైన్ బెట్టింగులో పోగొట్టిన డబ్బు, కులం ఒప్పుకోని ప్రేమ, ఎవరి ఫోనులోనో ఉండిపోయిన ఫొటో. ఒక్కొక్కదాన్నీ ఒక్కో కొట్లో వేసి తాళం పెట్టి, రాత్రంతా మేలుకుని కాపలా కాస్తాడు పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు. పగలు అందరిలో నవ్వుతూనే తిరుగుతాడు. ఒకనాడు భూమి కదులుతుంది, తలుపులు తెరుచుకుంటాయి. అందరికీ తెలిసిపోయింది, ఇక నాకేమీ మిగలలేదు అనుకుంటాడు. తలుపు తెరుచుకోవడమే విడుదల అని అతనికి ఆ క్షణంలో తోచదు. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణం తామే తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెప్పింది. అంకె పెద్దదే. రాత్రి ఫోను ఎత్తేవాడికి మాత్రం అంకె ఎప్పుడూ ఒకటే.

ఫిలిప్పీ ఘట్టంలో నాలుగు వరుసగా వస్తాయి: చెవి, గొంతు, దీపం, నీళ్ళు. ఈ వరుసలోనే దాని అంతరార్థం ఉందని నాకు అనిపిస్తుంది. వరుస తప్పితే సేవ కూడా దెబ్బే అవుతుంది.

చెవి

భూకంపానికి ముందు, పౌలు సీలలు పాడుతుంటే ఖైదీలు వింటున్నారని లూకా రాశాడు. ఇక్కడ వాడిన గ్రీకు క్రియ 'ఎపక్రోఅఒమై' కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే కనబడుతుంది. చెవి ఒగ్గి వినడమని దాని అర్థం. తలుపులు తెరుచుకున్నా ఒక్క ఖైదీ కూడా ఎందుకు పారిపోలేదో లూకా చెప్పలేదు. నాకు తోచింది ఇది: వినడంలో పడ్డవాళ్ళకు తలుపు సంగతి గుర్తుకు రాలేదు. ఆ రాత్రి చెరసాలలో మొదట పనిచేసింది చెవే.

చెవితో ఎలా పనిచేయాలో మా చేళ్ళలో కనబడుతుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటాం. ఇక్కడ విత్తనం కోసం పండించే సీడ్ పత్తి ఎక్కువ. క్రాసింగ్ రోజుల్లో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆడమొక్కల సాళ్ళలో తిరిగి, మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతుకుతారు. రేకుల పొర ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులను గోటితో గీసేసి, నడుమనున్న సన్నటి కాడకు ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లారి మగమొక్క పువ్వు తెచ్చి ఆ కాడ కొసకు రాస్తారు. గోరు కాస్త లోతుకు దిగితే కాడ విరుగుతుంది, గింజ కట్టదు. గీయడంలో కాస్త మిగిలిపోతే తన పుప్పొడి తనకే అంటుకుని విత్తనం చెడుతుంది. ఈ పనికి పెద్దవాళ్ళ చేతులే రాలేదు. బడి మానిన పిల్లల వేళ్ళు కూడా ఆ సాళ్ళలో ఉన్నాయన్నది మా ప్రాంతపు పాత గాయం.

వినేవాడు మొదట ఒలిచి తీసేయాల్సింది తన పుప్పొడినే. తన అభిప్రాయం, తన అనుభవం, తన సాక్ష్యం, చివరికి తనకిష్టమైన వచనం కూడా. సేవలో చేరిన కొత్తలో నాకది తెలియలేదు. అవతల గొంతు తడబడుతూ మొదలుపెట్టి రెండు నిమిషాలు కాలేదు, నేను ఒక వాగ్దాన వచనం చెప్పాను. ప్రార్థన చేద్దామా అన్నాను. కాసేపు ఏమీ వినబడలేదు. "సరే అన్నా, వందనాలు" అని ఫోను పెట్టేశారు. ఆ వందనాలు ఇంకా నా చెవిలోనే ఉన్నాయి. వచనంలో తప్పేమీ లేదు. నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేక దాన్ని నా ముందు అడ్డం పెట్టుకున్నాను, అంతే.

యోబు స్నేహితులకు కూడా ఈ తెగులే పట్టింది. మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద కూర్చుని నోరు మెదపలేదు. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. తరువాత నోరు తెరిచి, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. చివరికి ఆ దేవుడే వాళ్ళమీద కోపగించాడు.

ఈ కాలంలో ఇదే పాఠాన్ని ఒక ఆంగ్లికన్ గురువు మరో దారిలో నేర్చుకున్నాడు. చాద్ వారా 1935లో ఇంగ్లండులోని లింకన్‌లో కుర్ర గురువుగా ఉన్నప్పుడు పద్నాలుగేళ్ళ అమ్మాయి అంత్యక్రియలు జరపాల్సి వచ్చింది. ఆమెకు వచ్చింది మొదటి రజస్సు. అదేమిటో చెప్పేవాళ్ళు లేక, చెప్పరాని రోగమేదో అంటుకుందని భయపడి ప్రాణం తీసుకుంది. ఆమెదీ 'అనుకోవడమే'. 1953 నవంబరు 2న లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఆయన ఒక ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. సలహా కోసం వచ్చేవాళ్ళు పెరిగి, వరుసలో కూర్చోవలసి వచ్చేది. వాళ్ళకు టీ, కాఫీ ఇస్తూ కబుర్లు చెప్పడానికి కొందరు మామూలు మనుషులు స్వచ్ఛందంగా వచ్చేవారు. కొన్నాళ్ళకు ఆయన ఒకటి గమనించాడు. టీ ఇచ్చినవాళ్ళతో మాట్లాడిన తరువాత చాలామందికి గురువుగారి దాకా రావలసిన అవసరమే ఉండడం లేదు. 1954లో ఆయన ఆ పని వాళ్ళ చేతికే అప్పగించాడు. ఒక పత్రిక వాళ్ళను సమరయులని పిలిచింది, ఆ పేరే నిలిచిపోయింది. స్థాపించినవాడు గురువే అయినా, ఫోనులో మతబోధ చేయకూడదన్నది మొదటి నుంచీ అక్కడి నియమం.

సువార్తలోని సమరయుడు కూడా దారిలో పడి ఉన్నవాడికి బోధించలేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తెలిసినవాళ్ళు, బోధించగలవాళ్ళు ఇద్దరూ అంతకు ముందే ఆ దారిన వెళ్ళిపోయారు.

గొంతు

చెవి పని చేశాక గొంతు వంతు. పౌలు కేకలో ఏముందో, ఏమి లేదో చూడండి. నువ్వు చేయబోతున్నది పాపమని లేదు. నీ భార్యాబిడ్డలేమవుతారని లేదు. ధైర్యం తెచ్చుకోమని కూడా లేదు. ఉన్నవి రెండే ముక్కలు. ఒకటి, హాని అన్నదాన్ని దాచకుండా పేరుపెట్టి పిలవడం. రెండు, మేమున్నామనడం. శిక్షణలో మాకు మొదట నేర్పింది కూడా ఇదే. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అన్న భయం చాలామందికి ఉంటుంది, అది అపోహ. ఎన్నాళ్ళుగానో నోటిదాకా వచ్చి ఆగిన మాటను ఎవరో తమంతట తాము పలికితే, అవతల పెద్ద ఊపిరి ఒకటి వినబడుతుంది.

ఆ గదిలో విన్నది బయట చెప్పను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సాయం పిలవడానికి తప్ప గుట్టు విప్పకూడదన్నది మా కట్టుబాటు. అందుకే ఇక్కడ ఏ పిల్ల కథా లేదు, ఏ పిల్లవాడి కథా లేదు. చాలా రాత్రుల్లో నేనన్న మాటలను మాత్రం ఒకచోట పేరుస్తాను. ఖాళీలన్నీ వాళ్ళవి.

"వింటున్న, చెప్పు."

"తొందరేం లేదు. ఏడుపొస్తే ఏడువు."

"ఊఁ."

"చచ్చిపోవాల్ననిపిస్తుందా?"

"ఈ రాత్రేనా?"

"ఇంట్ల ఎవరున్నరు ఇప్పుడు?"

"అవ్వను లేపుతవా? లేపేదాంక నేను లైన్ల్నే ఉంట."

"ఉన్న. ఈడ్నే ఉన్న."

రాసి చూస్తే ఇందులో జ్ఞానం ఏమీ లేదు. తరువాత నాకే సిగ్గనిపిస్తుంది, ఇంత బైబిలు చదివి ఇదేనా నేను చెప్పింది అని. అప్పుడు పౌలు కేక గుర్తొస్తుంది. పదమూడు పత్రికలు తన పేరుమీద ఉన్నవాడు ఆ క్షణంలో పలికింది ఒక్క వాక్యమే.

ఇంకో సంగతి. పౌలు 'నేను' అనలేదు, 'మేము' అన్నాడు. పైగా ఆ మాట అన్నది గట్టుమీద ఉన్నవాడు కాదు. వీపు చిట్లి, కాళ్ళకు బొండ వేయించుకుని, ఆ చీకట్లోనే ఉన్నవాడు. వెలుగులో నిలబడి చీకట్లోకి సలహా విసరడం వేరు, చీకట్లోంచే పలకడం వేరు. అవతలివాళ్ళ చెవికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఈ కేకకు ఎదురుగా కొత్త నిబంధనలోనే మరో మాట ఉంది. యేసును అప్పగించిన యూదా మనసు విరిగి, తీసుకున్న వెండి పట్టుకుని ప్రధాన యాజకుల దగ్గరికే తిరిగి వెళ్ళాడు. నిరపరాధి రక్తం అప్పగించి పాపం చేశానని ఒప్పుకున్నాడు. వాళ్ళు అది తమకు సంబంధం లేదని, అతనే చూసుకోవాలని చెప్పి పంపేశారు. మనం యూదా ద్రోహం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. అతను చివరిసారి తట్టిన తలుపు దేవాలయానిదని, అది అతని ముఖాన మూసుకుందని చెప్పిన ప్రసంగం నేను వినలేదు. ఆ యాజకుల్లో ఒక్కడు కూర్చోమని ఉంటే ఏమయ్యేదో ఎవరం చెప్పలేం. పోయిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, అది ఎంత పాపమో వివరించే పెద్దలను చూసినప్పుడు మాత్రం ఆ మూసుకున్న తలుపే నాకు కనబడుతుంది. దేశ చట్టం కూడా ఇప్పుడు ఈ విషయంలో మెత్తబడింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంటుంది, అతనికి చికిత్స, పునరావాసం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వంమీద పెడుతుంది. చట్టానికున్నపాటి కనికరం సంఘానికి ఉండొద్దా?

దీపం

కేక విన్న తరువాత నాయకుడు చేసిన మొదటి పని దీపాలు తెమ్మనడం. దీపం పౌలు చేతిలో లేదు. గొంతు తాకిన తరువాత, తన చీకట్లో తాను చూసుకోవాలన్న కోరిక అతనిలోనే పుట్టింది. ఆ తరువాతే వణుకుతూ వచ్చి, రక్షణ పొందడానికి ఏం చేయాలని అడిగాడు. అడిగాకే పౌలు సువార్త చెప్పాడు. ఇక్కడ 'రక్షణ' అన్నచోట గ్రీకులో ఉన్నది 'సోజో' అన్న ధాతువు. ప్రాణం కాపాడడానికీ, ఆత్మను రక్షించడానికీ, రోగం నయం చేయడానికీ గ్రీకులో ఆ ఒక్క మాట చాలు. దేవుడి నిఘంటువులో ఈ మూడూ ఒకే పదమైనప్పుడు, మొదటిది చేస్తున్నవాడు రెండోది చేయడం లేదని బెంగపడనక్కరలేదు.

మేము ఫోను ఎత్తడం మా విశ్వాసం వల్లే. ఆ విశ్వాసాన్ని అవతలివాళ్ళ నిస్సహాయతకు ధరగా అడగం. తిక్క వీరేశ్వరస్వామి జాతరకు బండి కట్టే ఇంటి పిల్లవాడైనా, నమాజు చదివే ఇంటి పిల్లయినా, మా సంఘంలో గిటారు వాయించే కుర్రవాడైనా ఆ రాత్రి ఒక్కటే. ప్రార్థన కావాలని వాళ్ళే అడిగితే చేస్తాం. అడగకపోతే ఫోను పెట్టేశాక చేస్తాం. దేవుడికి రెండూ వినబడతాయి.

లూకా దీపమనలేదు, దీపాలన్నాడు. ఒక్క దీపంతో చెరసాల వెలగదు. మా గొంతు ఆ రాత్రి గడవడానికి, అంతే. తెల్లారితే మానసిక వైద్యుడు కావాలి, మనసున్న లెక్చరర్ కావాలి, తిట్టకుండా అన్నం పెట్టే ఇల్లు కావాలి. ఆ రాత్రికి హాని చేసే వస్తువులు ఇంట్లో అందకుండా చూసే పెద్దదిక్కు కావాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళ చేసినా పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. చిన్నపిల్లలకు 1098 ఉంది, ప్రాణాపాయమైతే 112 ఉంది. సికింద్రాబాదులో 1997 నుంచి రోష్ని, చెన్నైలో 1986 నుంచి స్నేహ ఇదే పని చేస్తున్నాయి. ఈ నంబర్లు మా నోటుబుక్కు అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి.

దీపాలు ఉండడం ఒకటి, అవి అందడం ఒకటి. మావాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. తుంగభద్రమీది రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే ఆర్డీఎస్ కాలువకు కాగితంమీద 87,500 ఎకరాల ఆయకట్టు ఉంది. తలాపున నీళ్ళు వదిలామని చెబుతారు, చివరి మడి రైతు ఎండిన కాలువ గట్టుమీద కూర్చుని ఉంటాడు. సహాయం కూడా అంతే. పట్నంలో ఉందంటారు, పేపర్లో వచ్చిందంటారు. సీడ్ ఆర్గనైజర్ దగ్గర తెచ్చిన అప్పుతో కర్నూలు హాస్టల్లో చదువుతున్న పిల్లవాడికి, 'మా కష్టం నీకు రావొద్దు బిడ్డా' అన్న నాయన మాట గుండెమీద రాయిలా ఉన్న రాత్రి, ఆ సహాయం అందాలి. స్వచ్ఛంద సేవకుడంటే నీళ్ళు పుట్టించేవాడు కాదు. పార పట్టుకుని చివరి మడిదాకా కాలువ తీసేవాడు.

నీళ్ళు

కథ ఇక్కడ ఆగితే పౌలు వీరుడయ్యేవాడు, నాయకుడు లబ్ధిదారుడు అయ్యేవాడు. లూకా అక్కడ ఆపలేదు. ఆ రాత్రి ఆ గడియలోనే నాయకుడు వాళ్ళను తీసుకెళ్ళి వాళ్ళ దెబ్బలు కడిగాడు. ఇంటికి పిలిచి భోజనం పెట్టాడు. అతను వాళ్ళను దెబ్బలనుంచి కడిగాడు, తాను పాపాలనుంచి కడగబడ్డాడు అని నాలుగో శతాబ్దపు ప్రసంగి యోహాను క్రిసోస్తం దీనికి వ్యాఖ్యానం చెప్పాడు. నన్ను పట్టుకున్నది అంతకంటే చిన్న సంగతి. కేక వేసినప్పుడు పౌలు వీపుమీద గాయాలు పచ్చిగానే ఉన్నాయి. అంతకు ముందే దెబ్బలు తిన్నవాడు అర్ధరాత్రి మరొకరి ప్రాణం పట్టుకున్నాడు. తన గాయాల గురించి అప్పటిదాకా ఒక్క మాట చెప్పలేదు.

వినేవాళ్ళకు గాయాలుండవనుకుంటారు. ఉంటాయి. కొందరి మాటలు రెండు రోజులు అన్నంలో కలుస్తాయి. కొన్ని ఫోన్లు మధ్యలో తెగిపోతాయి, తరువాత ఏమైందో ఎప్పటికీ తెలియదు. అందుకే వంతు ముగిశాక మాలో పెద్దవారు ఒకరు ఫోను చేసి ఎలా ఉన్నావని అడుగుతారు. బాగున్నానంటే నమ్మరు, మళ్ళీ అడుగుతారు. ఆ అలవాటు లేకపోతే ఈ పనిలో ఎక్కువకాలం ఉండలేం. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి వేడుకున్నప్పుడు, దేవుడు అతనికి కొత్త పని చెప్పలేదు. దూతను పంపి నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చి పడుకోనిచ్చాడు. లేపి మళ్ళీ పెట్టాడు. మెల్లని స్వరం, కొత్త పిలుపు, అవన్నీ తరువాత. ప్రవక్తకైనా మొదట కావలసింది అన్నం, నిద్ర.

మొన్న క్రాసింగ్ రోజుల్లో ఒక రాత్రి, పిలుపు తెల్లవారుజాముదాకా సాగింది. ఆ మాటలు నావి కావు గనుక చెప్పను. కిటికీలోంచి చేలవైపు ఇంకా చీకటే. మరికాసేపట్లో కూలీల ఆటోలు కదులుతాయి, నిన్న తొడిగిన ఎర్ర కాగితాలు ఒక్కొక్కటే తీస్తారు. ఇంట్లోవాళ్ళు లేచారని, పక్కన కూర్చున్నారని తెలిసింది. ఇక పెట్టేద్దామని నేను అనబోతుండగా అవతలి గొంతు ఆగింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతే.

"అన్నా, నువ్వు తిన్నవా?"

ఏం చెప్పాలో తోచలేదు. శిక్షణలో ఈ ప్రశ్న లేదు. "లేదు" అన్నాను.

"పోయి తిను మరి."

ఫోను పెట్టి కిందికి దిగాను. చెంబులో మిగిలిన నీళ్ళతో చేతులు కడుక్కున్నాను. రాత్రి మూతపెట్టిన అన్నం చల్లారిపోయి ఉంది. కూర్చుని తిన్నాను.